ఆట నియమాలూ యజమాని దృష్టీ

వస్తువు ముఖ్యమా, శిల్పం ముఖ్యమా అన్న చర్చ మన పత్రికల్లో ఏళ్ల తరబడి సాగింది. కథకూ, కావ్యానికీ, నాటకానికీ సంబంధించినంతవరకు ఆ చర్చలో తేలవలసినవి చాలావరకు తేలాయి. వస్తువు ఎవరి పక్షాన నిలుస్తున్నదో చూడకుండా శిల్పాన్ని మెచ్చుకోవడం చాలదనీ, శిల్పాన్ని వదిలేసి వస్తువును మాత్రమే తూచడం మొరటుతనమనీ మనలో ఎక్కువమంది ఒప్పుకుంటారు. అయితే మన విద్యార్థుల్లో చాలామంది సాయంకాలాలను ఇప్పుడు మరొక కళారూపం తీసుకుంటున్నది. అది వీడియో ఆట. దానిలో వస్తువేది, శిల్పమేది అన్న ప్రశ్న మనం ఇంకా గట్టిగా వేసుకోలేదు. దాన్ని కళ అనడానికే కొందరికి నోరు రాదు. మంచి కళ అవునో కాదో తరవాత చూసుకోవచ్చు. మనుషుల ఊహను ఇంతగా పట్టి వుంచుతున్న వస్తువును విమర్శ పట్టించుకోకపోతే నష్టం విమర్శకే.

నేను డిగ్రీ కళాశాలలో తెలుగు చెప్పేవాణ్ణి. యంత్రాల సంగతి నాకు తెలియదు. ఈ ప్రశ్న నా దగ్గరికి తరగతి గదిలోనుంచే వచ్చింది. ఒక కథలో కూలివాళ్ల శ్రమను రచయిత ఎంతవరకు చూపగలిగాడని మాట్లాడుకుంటూ వుండగా ఒక విద్యార్థి లేచి, “సార్, పెట్టుబడిదారీ విధానాన్ని పాల్‌వరల్డ్ ఆట చూపినంత నిక్కచ్చిగా మన కథలేవీ చూపలేదండి,” అన్నాడు. వెనక బల్లమీదనుంచి ఒక అమ్మాయి, “అది మూగజీవాలచేత చాకిరీ చేయించి కోసుకు తినే ఆట సార్, అందులో విమర్శ ఏమున్నది?” అన్నది. ఇద్దరూ బాగా చదివే పిల్లలే. ఇద్దరికీ సమాధానం చెప్పాలంటే ఆట తెలియాలి. ఆ వేసవి సెలవుల్లో మా అక్కగారింట్లో మేనల్లుడి కంప్యూటరు ముందు కూర్చున్నాను. వాడే నాకు గురువు. ఈ వ్యాసం ఆ చదువు ఫలితం.

పాల్‌వరల్డ్‌ను తయారుచేసింది టోక్యోలోని పాకెట్‌పెయిర్ అనే చిన్న సంస్థ. 2024 జనవరి 19న, ఇంకా పూర్తికాని రూపంలోనే, దాన్ని అమ్మకానికి పెట్టారు. మొదటి ఆరు రోజుల్లోపల 80 లక్షల ప్రతులు అమ్ముడుపోయాయి. నెల తిరిగి నాలుగు రోజులయ్యేసరికి ఆడినవాళ్ల సంఖ్య రెండున్నర కోట్లకు చేరింది. దీన్ని ‘ఓపెన్ వరల్డ్’ ఆట అంటారు. అంటే ఆటగాడు ఒకే దారి వెంట, ఒక ఘట్టం తరవాత మరొక ఘట్టంగా నడవవలసిన అగత్యం లేదు. కొండా, అడవీ, సముద్రపు ఒడ్డూ అతని ముందు పరిచి వుంటాయి. ఏ దిక్కుకు పోయినా పోవచ్చు. ఆ నేలమీద ‘పాల్’ అనే వింతజీవులు మందలు మందలుగా తిరుగుతూ వుంటాయి. వాటిని పట్టడం, పెంచడం, వాటితో పోరాడించడం, వాటిచేత పని చేయించడం — ఇదీ ఆట.

ఆరంభం మనకు తెలిసిన కథలాగే వుంటుంది. పాల్‌పాగోస్ అనే దీవుల్లో ఆటగాడు ఒంటరిగా మేలుకుంటాడు. చేతిలో ఏమీ వుండదు. చెట్టును వుత్త చేతులతో కొట్టి కట్టె సంపాదిస్తాడు, రాయి ఏరుకుంటాడు, పనిబల్ల కట్టుకుంటాడు. 1719లో డేనియల్ డిఫో రాబిన్సన్ క్రూసోను దీవిలో పడేసిన నాటినుంచీ ఈ కథ యూరపుకు ఇష్టమైన కథ. సమాజం లేకుండా, ఒక్క మనిషి తన కష్టంతో సంపద సృష్టించుకున్నాడని చెప్పడం అర్థశాస్త్రజ్ఞులకు ఎంత ఇష్టమో మార్క్స్ 1867 నాటి ‘పెట్టుబడి’ మొదటి సంపుటంలో ఎత్తి చూపాడు. ఈ ఆటలో మటుకు ఆ ఒంటరి కష్టం ఎంతోసేపు సాగదు. పనిబల్ల దగ్గర ఒక వస్తువు తయారుకావాలంటే తెరమీద గుండ్రని గీత నిండేదాకా ఆటగాడు మీట నొక్కిపెట్టి వుంచాలి. వేలు నొప్పిపుడుతుంది, విసుగూ పుడుతుంది. ఆ విసుగును కావాలనే పెట్టారు. మొదటి జీవిని పట్టి తెచ్చి పనిబల్ల దగ్గర వదిలిన క్షణాన ఆ గీత గబగబా నిండుతుంది. ఆటగాడు మీటమీదనుంచి వేలు తీసి, అడవిలోకి మరో జీవికోసం పోవచ్చు. శ్రమనుంచి విడుదల అంటే మరొకరి శ్రమ దొరకడమని ఆట మొదటి అరగంటలోనే, ఒక్క మాటయినా చెప్పకుండా నేర్పుతుంది.

పట్టే పద్ధతి చూద్దాం. పాల్డియం అనే ఖనిజపు ముక్క ఒకటి, కట్టె మూడు, రాయి మూడు — వీటితో ఒక గోళం తయారవుతుంది. జీవిని కొట్టి నీరసింపజేసి దానిమీదికి గోళం విసరాలి. దొరికే అవకాశం నూటికి ఇంత అని తెరమీద అంకె కనిపిస్తుంది. ప్రాణం తగ్గినకొద్దీ ఆ అంకె పెరుగుతుంది. వెనకపాటున విసిరితే ఇంకా పెరుగుతుంది. చంపకూడదు, బతికి బట్టకట్టనీయకూడదు. ఆ రెండింటి మధ్య కొట్టి నిలపడమే నేర్పు.

ఈ పద్ధతి పాకెట్‌పెయిర్ సృష్టించింది కాదు. 1996 ఫిబ్రవరి 27న జపానులో వెలువడిన పోకెమాన్ ఆటల ద్వారా ఇది లోకానికంతా తెలిసింది. వాటి రూపకర్త సతోషి తజిరి చిన్నప్పుడు పురుగులు పట్టుకుని దాచుకునేవాడట. ఆ సరదాయే ఆటకు మూలమని ఆయనే చెప్పాడు. అక్కడ జీవి ‘స్నేహితుడు’. కాని నియమాలను చూస్తే ఆ స్నేహితుడు మొదటినుంచీ పనివాడే. పొదలు నరికి దారి చేస్తాడు, బండలు తోస్తాడు, హీరోను వీపుమీద ఎక్కించుకుని నీళ్లు దాటిస్తాడు, రెక్కలమీద వూళ్లు తిప్పుతాడు. తరవాతి ఆటల్లో స్నేహానికి కూడా 0 నుంచి 255 దాకా ఒక అంకె ఏర్పడింది. ఆ అంకె పెరిగితే ఒకానొక దెబ్బ బలం పెరుగుతుంది. కథ స్నేహమంటుంది, నియమం దాన్ని దిగుబడిగా లెక్కిస్తుంది. ఈ తేడాను గమనించనిదే వీడియో ఆటలమీద విమర్శ మొదలు కాదని నా అభిప్రాయం. నవలలో వస్తువు కథలో వుంటే, ఆటలో వస్తువు నియమంలో వుంటుంది. కథ ఆటకు కట్టిన బట్ట.

పాల్‌వరల్డ్ ఆ బట్టను చాలావరకు తీసేసింది. పట్టుకున్న జీవిని స్థావరంలో పనికి పెట్టవచ్చు. మంట పెట్టడం, నీరు పోయడం, విత్తడం, విద్యుత్తు పుట్టించడం, చేతిపని, కాయలు కోయడం, చెట్లు కొట్టడం, గని తవ్వడం, మందులు చేయడం, చల్లబరచడం, మోత మోయడం, మందలో వుండి వున్నీ పాలూ గుడ్లూ ఇవ్వడం — పన్నెండు రకాల పనులు. ఏ జీవికి ఏ పని ఎంతవరకు వచ్చునో దాని పేరు కింద గుర్తులతో రాసి వుంటుంది. కట్టీవా అనే పిల్లిలాంటి జీవికి నాలుగు పనులు వచ్చు, ఏదీ అంతంత మాత్రమే. ఫాక్స్‌పార్క్స్ అనే నక్కపిల్ల కొలిమి మండిస్తుంది. విడుదలనాటి నియమాల ప్రకారం ఒక స్థావరంలో 15 జీవుల దాకా పెట్టవచ్చు. వాటికి తిండిపెట్టె కావాలి, పడుకోవడానికి గడ్డి పరుపు కావాలి. ప్రతి జీవికీ ఆకలి ఒక గీత. మనస్సు నిబ్బరం మరొక గీత. పనిచేసినకొద్దీ ఆ నిబ్బరం తరుగుతుంది. బాగా తరిగితే జీవి పని ఎగగొడుతుంది, అతిగా తింటుంది, కడుపులో పుండు పడుతుంది, దిగులుతో కూలబడుతుంది. వేడినీళ్ల తొట్టి కట్టిస్తే స్నానం చేసి కొంత తేరుకుంటుంది. పర్యవేక్షణకు ఒక పీఠం వున్నది. దాని దగ్గర నిలబడి పని మామూలుగా సాగాలా, కష్టంగా సాగాలా, అతికష్టంగా సాగాలా అని యజమాని నిర్ణయిస్తాడు. వేగం పెంచితే నిబ్బరం త్వరగా తరుగుతుంది.

జీవులకు పుట్టుగుణాలు కూడా వుంటాయి. వాటిలో ఒకటి పని వేగాన్ని నూటికి 30 పెంచి, పోరాట బలాన్ని నూటికి 30 తగ్గిస్తుంది. ఇంగ్లీషులో దాని పేరు ‘వర్క్ స్లేవ్’, అంటే పనిబానిస. జపాను భాషలో పెట్టిన పేరు ‘షాచికు’. ‘షా’ అంటే కంపెనీ, ‘చికు’ అంటే పశువు. ఆఫీసుకు అంకితమై, ఇల్లూ ఆరోగ్యమూ పోగొట్టుకున్న ఉద్యోగిని అక్కడివాళ్లు ఎగతాళిగా అనే మాట అది. ఆ ఉద్యోగి తనను తాను కూడా అలాగే అనుకుంటాడు. పనిభారంతో చచ్చిపోవడానికి ‘కరోషి’ అనే ప్రత్యేకమైన మాట పుట్టిన దేశం అది. భాష చెప్పేవాడిగా నాకు ఈ అనువాదం చాలా ఆలోచింపజేసింది. ఇంగ్లీషు పేరు దూరదేశపు పాత బానిసత్వాన్ని గుర్తుచేస్తుంది; జపాను పేరు ఇవాళ రైలెక్కి ఆఫీసుకు పోతున్న మనిషిని గుర్తుచేస్తుంది. తెలుగు చేయవలసివస్తే మన దగ్గర ‘గొడ్డుచాకిరీ’ అనే మాట సిద్ధంగా వున్నది. పనిచేసే మనిషిలో గొడ్డును చూసిన బాధ మన భాషకూ ఆ భాషకూ ఒక్కటే.

ఇక్కడ నా సంగతి కొంత చెప్పుకోవాలి. ఈ ఉద్యోగానికి రాకముందు నేను నాలుగేళ్లు ఒక ప్రైవేటు కళాశాలలో గంటల లెక్కన పాఠాలు చెప్పాను. ఆ కళాశాల ఆఫీసులో గోడకు ఒక కాగితం అంటించి వుండేది. ఎడమవైపు మా పేర్లు, పక్కన మేము చెప్పగల సబ్జెక్టులు, ఆ పక్కన వారానికి గంటలు. తెలుగువాణ్ణి గనక నాకు సంస్కృతం గంటలు కూడా వేసేవారు. సెలవుమీద వున్నవారి బదులు నీతిబోధ గంట కూడా నాదే. ఎండాకాలం రెండు నెలలు ఆ కాగితం వుండేది కాదు, జీతమూ వుండేది కాదు. ఆ కాగితంలో నా వరస ఒక్కటే నాకు కనిపించేది. పాల్‌వరల్డ్‌లో జీవుల జాబితా తెరిచినప్పుడు నేను అదే కాగితాన్ని రెండోవైపునుంచి చూస్తున్నానని అర్థమయింది. ఎడమవైపు పేర్లు, పక్కన వచ్చిన పనులు, ఆ పక్కన మిగిలిన ఓపిక. ఆ పక్కనుంచి చూస్తే అందులో మనుషులు కనిపించరు, ఖాళీలు కనిపిస్తాయి. మోత మోసేవాడు తక్కువ, కొలిమి దగ్గర ఒకడు ఎక్కువ. కళాశాల యజమాని దుర్మార్గుడా అని మేము ఆ రోజుల్లో టీ కొట్టు దగ్గర తెగ వాదించుకునేవాళ్లం. ఆయన మంచివాడైనా చెడ్డవాడైనా ఆ కాగితం అలాగే వుండేదని ఈ ఆట నాకు లెక్క వేసి చూపించింది.

ఆటలో దయకు తావు లేదని కాదు. పరుపు మంచిది వేయవచ్చు, వండిన కూడు పెట్టవచ్చు, జబ్బుపడ్డ జీవికి మందు ఇవ్వవచ్చు. అయితే ఆ ప్రతి దయా ఖర్చు పద్దులో పడి, దిగుబడి పద్దులో తిరిగివస్తుంది. వేడినీళ్ల తొట్టి కట్టించని యజమాని క్రూరుడనిపించుకోడు, తెలివితక్కువవాడనిపించుకుంటాడు. ఒకే జాతి జీవులను కలిపి ఒకదానిలో సారం దించే యంత్రం కూడా వున్నది. విడుదలనాటి లెక్క ప్రకారం ఒక జీవిని పరాకాష్ఠకు తేవాలంటే మిగతావి నాలుగు విడతల్లో 4, 16, 32, 64 — మొత్తం 116 — అందులో కరిగిపోవాలి. అవి చచ్చాయని ఆట అనదు, ఖర్చయ్యాయంటుంది. మాంసం కత్తి దొరికాక పెంచిన జీవిని కోయవచ్చు. కోసేటప్పుడు మటుకు తెరమీద ఆ చోటును గళ్లుగళ్లుగా మసకబారుస్తారు. ఆట సిగ్గుపడే చోటు అదొక్కటే. కష్టాన్ని పెంచే మీట దగ్గర ఏ మసకా లేదు.

ఇక మొదటి విద్యార్థి మాట. ఇది పెట్టుబడిదారీ విధానంమీద వ్యంగ్యమంటాడు. వ్యంగ్యపు ధోరణి వున్న మాట నిజమే. తుపాకుల కర్మాగారంలో ముద్దొచ్చే గొర్రెపిల్లలు వరసగా నిలబడి పనిచేస్తుంటే నవ్వు రాక మానదు. ఆ నవ్వులో చేదు కూడా వున్నది. కాని వ్యంగ్యానికి నిలబడే చోటు ఒకటి వుండాలి. రచయిత కూలివాడి పక్కన నిలబడి యజమానిని చూసి నవ్వితే అది విమర్శ. ఈ ఆట మనల్ని యజమాని కుర్చీలో కూర్చోబెట్టి, ఆ కుర్చీనుంచి నవ్వమంటుంది. ఆ నవ్వు వల్ల కుర్చీ కదలదు.

కథలో విమోచన ప్రస్తావన రాకపోలేదు. 2010లో వెలువడిన పోకెమాన్ ‘బ్లాక్’, ‘వైట్’ ఆటల్లో జీవులను మనుషులనుంచి విడిపించాలనే ఒక దండు వస్తుంది. దాని యువనాయకుడి మాటల్లో నిజాయితీ వున్నది. అతని ప్రశ్న న్యాయమైనది. కథ ఆ ప్రశ్నకు సమాధానం చెప్పదు. ఆ దండును నడిపే పెద్దమనిషి అందరి జీవులనూ వదిలింపజేసి తానొక్కడే వుంచుకోవాలని చూస్తున్న మోసగాడని బయటపెట్టి, ప్రశ్నను పక్కకు తోసేస్తుంది. ఆ కథంతా జరుగుతున్నంతసేపూ ఆటగాడు ముందుకు పోవాలంటే జీవులను పడుతూనే వుండాలి, పోరాడిస్తూనే వుండాలి. పాల్‌వరల్డ్‌లోనూ జీవులకు స్వేచ్ఛ కోరే కూటమి ఒకటి వున్నది. దాని నాయకురాలు లిలీ ఒక గోపురంలో కాపలా వుంటుంది. ఆమె కూడా తన జీవిచేతనే పోరాడిస్తుంది. ఆమెను ఓడిస్తే మనకు బహుమానం. రెండు ఆటల్లోనూ విమోచన అనే మాట శత్రువు నోట పెట్టారు. పద్నాలుగేళ్ల ఎడంతో, వేరువేరు సంస్థలు చేసిన ఆటల్లో ఇది ఒకేలా జరగడం కాకతాళీయం కాదనుకుంటాను. నియమం పట్టడంమీద నిలిచినప్పుడు కథ విడిపించడం గురించి నిజాయితీగా మాట్లాడలేదు. మాట్లాడితే ఆట ఆగిపోతుంది.

ఇంతకన్న పెద్ద లోపం మరొకటి. ఈ ఆటలో బాధకు ఎన్నో రూపాలు వున్నాయి: ఆకలి, అలసట, పుండు, దిగులు. కాని ప్రతి బాధా ఒక్కొక్క జీవిది, విడివిడిగా. పక్క జీవి కూలబడితే ఈ జీవికి తెలియదు. పదిహేను జీవులు చేతులు కలిపి, ‘అతికష్టం మాకు వద్దు’ అని ఒక కోరిక ముందుపెట్టి, యజమాని ఒప్పుకునేదాకా పనిముట్లు దించే ఏర్పాటు నియమాల్లో ఎక్కడా లేదు. ఒక జీవి అలకపూనితే అది మరమ్మతు చేయవలసిన చెడుపే. కార్మికుడి కష్టాన్ని ఇంత వివరంగా లెక్కకట్టిన ఆట కార్మికుల ఐక్యతను మటుకు ఊహించలేకపోయింది. మొదటి విద్యార్థికి నేను చెప్పిన సమాధానం ఇదే: ఈ ఆట దోపిడీని చూపించింది, నిజం, దోపిడీకి గురయ్యేవాణ్ణి చూపించలేదు.

మా మేనల్లుడు దీనికి ఒప్పుకోలేదు. “చదరంగంలో బంటు చచ్చిపోతే నువ్వు ఏడుస్తావా మామయ్యా?” అన్నాడు. మంచి ప్రశ్నే. చదరంగపు బంటుకు ఆకలి లేదు. దానికి పరుపు వెయ్యమని నియమం అడగదు. అది చెక్కముక్క, చెక్కముక్కలాగే వుంటుంది. పాల్‌కు ఆకలీ, నిద్రా, దిగులూ పెట్టింది ఆట చేసినవాళ్లే. బాధపడగలదని చెప్పి, ఆ బాధను యజమాని కంటితో మాత్రమే చూడమన్నారు. బాధను వర్ణించిన రచయితను ఎవరి వైపునుంచి వర్ణించావని అడగడం విమర్శకుడి హక్కు. ఆట చేసినవాణ్ణి అడగడమూ అంతే. వెనక బల్ల అమ్మాయికి కూడా ఇదే చెప్పాలి: కోయడం చూపించినందుకు నిషేధించవలసిన పని లేదు. మసకబారని చోట్లే మనం చదవవలసినవి.

ఇంతవరకు ఆట లోపలి యజమాని మాట. ఆట బయట కూడా ఒక యజమాని వున్నాడు. 2024 సెప్టెంబరు 18న నింటెండో, పోకెమాన్ కంపెనీ కలిసి పాకెట్‌పెయిర్‌మీద టోక్యో జిల్లా కోర్టులో దావా వేశాయి. బొమ్మలు కాపీ కొట్టారని కాదు ఆ దావా. నియమాలమీద తమకు పేటెంటు హక్కులున్నాయని. ఆ నవంబరులో పాకెట్‌పెయిర్ వెల్లడించిన ప్రకారం వివాదంలో వున్నవి మూడు జపాను పేటెంట్లు. గురిచూసి విసిరి జీవిని పట్టడం, జీవుల మీదెక్కి ప్రయాణించడం వంటివి వాటి విషయం. అడిగిన నష్టపరిహారం ఒక్కొక్క సంస్థకు 50 లక్షల యెన్లు, దానిమీద ఆలస్యపు సొమ్ము. దానితోపాటు ఆటను నిలుపుచేసే ఉత్తరువు. ఆ మూడు పేటెంట్ల మూల దరఖాస్తులు 2021 డిసెంబరు నాటివి. వాటినుంచి విడదీసిన ఈ మూడు దరఖాస్తులను పెట్టింది 2024లో, పాల్‌వరల్డ్ బజారులోకి వచ్చిన తరవాత. చట్టం దీన్ని అనుమతిస్తుంది.

ఫలితం ఆట లోపలే కనిపించింది. 2024 నవంబరు చివర వచ్చిన మార్పుతో, గోళం విసిరి తన జీవిని పిలిచే పద్ధతి పోయింది. జీవి ఆటగాడి పక్కనే వచ్చి నిలబడుతుంది. 2025 మే నెలలో మరో మార్పు వచ్చింది: జీవిని పట్టుకుని గాలిలో తేలేవాళ్లు ఇక విడిగా ఒక సాధనం పట్టుకుని తేలాలి. దావా కారణంగానే ఇవి చేశామని సంస్థే బహిరంగంగా చెప్పింది. 2025 సెప్టెంబరులో అమెరికాలో నింటెండోకు, జీవిని పిలిచి పోరాడించే పద్ధతిమీద మరొక పేటెంటు దొరికింది. దానిమీద ఆటలు చేసేవాళ్లు చాలామంది అభ్యంతరం తెలిపారు. నవంబరులో అక్కడి పేటెంటు కార్యాలయపు అధిపతే దాన్ని తిరిగి పరిశీలించమని ఆదేశించాడు.

పేటెంటు కొత్తది కనిపెట్టినవాడికి రక్షణ అని సమర్థిస్తారు. కనిపెట్టినవాడి కష్టానికి ఫలం దక్కాలనడంలో తప్పు లేదు. కాని ఇక్కడ కనిపెట్టింది ఎవరు? జీవులను మచ్చిక చేసి తమ పక్షాన పోరాడించడం 1987 నాటి ‘మెగామి టెన్సెయ్’ ఆటలో వున్నది. 1992 నాటి అయిదవ ‘డ్రాగన్ క్వెస్ట్’లో వున్నది. చిన్న గూటిలోనుంచి పెద్ద జీవిని బయటికి తీయడం 1967 నాటి ‘అల్ట్రాసెవెన్’ టెలివిజన్ ధారావాహికలో జపాను పిల్లలు చూశారు. పురుగులు పట్టిన పిల్లలందరి సరదా వాటి వెనక వున్నది. ఒకరినుంచి ఒకరు తీసుకుని, కొంత చేర్చి, మరొకరికి ఇచ్చిన సొత్తు ఇది. ఆటవెలదిలో పద్యం చెప్పడానికి మన కవులు ఎవరి అనుమతీ అడగలేదు. కందం ఒకరి పేర రిజిస్టరయి వుంటే మన సాహిత్యం ఏమయి వుండేది? పద్యానికి గణాలూ యతీ ఎలాంటివో ఆటకు నియమాలు అలాంటివి. వాటిని సొంతం చేసుకోవడమంటే వూరుమ్మడి చెరువుకు కంచె వెయ్యడమే. పైగా, సాధారణంగా కంపెనీల పేటెంటు కాగితంమీద కనిపెట్టిన ఉద్యోగుల పేర్లు వుంటాయి. హక్కు మాత్రం కంపెనీది.

లోపలి యజమానికీ బయటి యజమానికీ సంబంధం ఇక్కడ తెలుస్తున్నది. ఆట లోపల ఆటగాడు గోళం విసిరి జీవి శ్రమను సొంతం చేసుకుంటాడు. ఆట బయట గోళం విసిరే ఆ కదలికే ఒకరి సొత్తు. లోపల ఆటగాడు అనుభవించే యజమానితనం అరువు తెచ్చుకున్నది; అసలు యజమాని ఒక్క దావాతో అతని చేతిలోని గోళాన్ని లాక్కోగలిగాడు. రెండున్నర కోట్లమంది తమకు నచ్చి నేర్చుకున్న ఒక కదలిక ఉండాలా పోవాలా అన్నది వాళ్లను ఎవరూ అడగలేదు. పర్యవేక్షణ పీఠం దగ్గర మీట తిప్పేటప్పుడు ఆటగాడు కూడా ఏ పాల్‌నూ అడగడు.

మరి మనం చేయవలసింది ఏమిటి? ఆడవద్దని పిల్లలకు చెప్పడం నా ఉద్దేశం కాదు. వాళ్లు మానరు, మానవలసిన అవసరమూ లేదు. కళాశాల తెరిచాక నేను తరగతిలో ఒక పని ఇచ్చాను: ఈ ఆటలో ఒకే ఒక్క నియమాన్ని మార్చి రాయండి, దానివల్ల తక్కిన ఆట ఎలా మారుతుందో చెప్పండి. సగంమంది ఆట ఎరగరు; ఆడినవాళ్లు వాళ్లకు వివరించారు. మొదటి విద్యార్థి ఇలా రాశాడు: స్థావరంలో మూడు జీవుల నిబ్బరం సగానికి పడిపోతే మొత్తం పని ఆగాలి, యజమాని వేగం తగ్గించేదాకా మళ్లీ మొదలు కాకూడదు. తరగతి మెచ్చుకున్నది. వెనక బల్ల అమ్మాయి లేచి, “అప్పుడు యజమాని రెండు జీవుల దగ్గర ఆపుకుంటాడు సార్. పీఠం దగ్గర నిలబడేది ఎవరో మారనిదే ఏ అంకె మార్చినా అంతే,” అన్నది. ఆమె కాగితంలో నియమం ఒక్క వాక్యం: పని వేగాన్ని నిర్ణయించే మీటను జీవులే తిప్పాలి, అన్నీ కలిసి.

“అలాంటి ఆట ఎవరాడతారు?” అని మా మేనల్లుడు తరవాత ఫోనులో అడిగాడు. యజమానిగా ఆడాలనుకునేవాళ్లు ఆడరు. పదిహేనుమందిలో ఒకడుగా ఆడడంలో వున్న కష్టమూ, వేడుకా ఏమిటో ఇంకా ఎవరూ చేసి చూపలేదు. ఎదుటివాణ్ణి ఒప్పించడం, ఒకరి అలసటను మరొకరు గుర్తించడం, ఓడినా కలిసి నిలవడం — వీటిలో ఆటకు పనికివచ్చే ఉత్కంఠ లేదని ఎవరంటారు? సమ్మెలో ఒక్క రోజయినా వున్నవాళ్లకు అది తెలుసు. రచయితలు ఇలాంటి వస్తువులను నవలల్లోకి తెచ్చారు. నియమాలు రాసే యువకులు మన తరగతుల్లోనే కూర్చుని వున్నారు, కొందరు కంప్యూటరు పాఠాలు కూడా చదువుతున్నారు. వాళ్లకు ఛందస్సు నేర్పినంత శ్రద్ధగా, నియమాన్ని చదవడం, అది ఎవరి కంటితో చూస్తున్నదో, ఎవరి సొత్తయి వున్నదో అడగడం నేర్పవలసిన బాధ్యత మనది.